వదిలేసిన కంపెనీయే టీమ్ లీడర్‌గా రమ్మంటే

ప్రశ్న: మా అమ్మాయికి 31 ఏళ్లు. ప్రకటనలు తయారుచేసే ఒక కంపెనీలో నాలుగేళ్లు డిజైనర్‌గా చేసింది. రాత్రి పొద్దుపోయేదాకా మార్పులు, మార్పులకు మళ్లీ మార్పులు, తట్టుకోలేక మూడేళ్ల క్రితం మానేసింది. ఇప్పుడు ఇంకో చోట సీనియర్ డిజైనర్. ఈ మధ్య ఆ పాత కంపెనీ వాళ్లే ఫోన్ చేసి క్రియేటివ్ టీమ్ లీడర్‌గా రమ్మంటున్నారు. ఏడుగురి టీమ్, జీతం ఎక్కువే. తనకి వెళ్లాలనే ఉంది. కానీ ఒకసారి వద్దనుకుని వచ్చేసిన చోటికే మళ్లీ వెళ్తే లోకువైపోతుందేమోనని నా భయం. పైగా అప్పట్లో తనకి సీనియర్‌గా ఉన్నాయన ఇప్పుడు తన కింద పనిచేయాల్సి వస్తుందట. వెళ్లనివ్వమంటారా?

జవాబు: ముందుగా ఒక మాట, ఏమీ అనుకోకండి. 31 ఏళ్ల అమ్మాయిని ‘వెళ్లనివ్వమంటారా’ అని అడుగుతున్నారు. నిర్ణయం తనదండీ. ఉత్సాహంలో తను అడగడం మర్చిపోయే ప్రశ్నలు గుర్తుచేయడం వరకు మీరు చేయొచ్చు, అది చాలా పెద్ద సాయం కూడా. ఈ జవాబు మీ పేరున రాస్తున్నా గానీ సగానికి పైగా తనకే పనికొస్తుంది, చదివాక తనకి పంపించండి.

లోకువ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఈ రంగంలో మానేసినవాళ్లు మళ్లీ అదే కంపెనీకి రావడం మామూలే. వాళ్ల క్లయింట్లు తెలిసి, పని నడిచే తీరు తెలిసి, మధ్యలో బయట ఇంకో చోట నాలుగు కొత్త విషయాలు నేర్చుకున్న మనిషి దొరికితే ఏ కంపెనీకైనా లాభమే. మీ అమ్మాయి వెళ్లి అడగలేదు, వాళ్లే పిలిచారు, అదీ పై హోదాకి. అదే పాత కుర్చీకి, పాత జీతానికి అటూ ఇటూగా వెళ్తానంటే నేనూ వద్దనేదాన్నేమో. కాబట్టి పరువు లెక్క పక్కన పెట్టేయండి.

మీ ప్రశ్న చదువుతుంటే నేను ఆగింది వేరే చోట. ‘మార్పులకు మళ్లీ మార్పులు’ అని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయారు, అసలు సంగతంతా అందులోనే ఉంది. మార్పులు లేని డిజైన్ పని ఎక్కడా ఉండదు, ఆ మాట మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు. నాలుగేళ్లు ఓపిక పట్టిన మనిషి మానేసిందంటే ఎన్ని మార్పులు అన్నది కారణం అయ్యుండదు, ‘ఇక చాలు, ఇది వెళ్లొచ్చు’ అనే అధికారం ఉన్నవాళ్లు ఎవరో తెలియకపోవడం కారణమై ఉంటుంది. సాయంత్రం టీమ్ లీడర్ ఓకే అంటాడు, క్లయింట్‌తో మాట్లాడే క్లయింట్ సర్వీసింగ్ వాళ్లు రంగు మార్చమంటారు, రాత్రి పైనున్న పెద్దాయన చూసి మొత్తం ఐడియానే బాగాలేదంటాడు, పొద్దున్నే క్లయింట్ మొదటిదే బాగుందంటాడు. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఈ వాక్యం చదివి నవ్వుకుంటారు, అంత మామూలు విషయం ఇది.

ఇప్పుడు మీ అమ్మాయిని కూర్చోబెడతామంటున్నది సరిగ్గా ఆ మధ్య కుర్చీలోనే. అప్పుడు అలా రాత్రిపూట అంతా తిరగరాసిన పెద్దమనిషి ఇప్పటికీ అక్కడే, అంతే అధికారంతో ఉంటే, హోదా మారినా జీవితం మారదు. అప్పట్లో తను మార్పులు చేసేది, ఇప్పుడు ఏడుగురి చేత చేయిస్తుంది, వాళ్ల విసుగు కూడా తనే మోస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది ఆ కుర్చీ. అందుకే నా సలహా మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. టీమ్ నుంచి బయటికి వెళ్లే పని మీద చివరి మాట ఎవరిది? మీ అమ్మాయిదైతే వెళ్లమనండి. కాకపోతే ఎంత జీతమిచ్చినా ఒకటికి నాలుగుసార్లు ఆలోచించమనండి.

ఇది నా చాదస్తం అనుకుంటారేమో, ఒక సంగతి చెప్తా. యానిమేషన్ దర్శకుడు జాన్ లాసెటర్‌ని 1980ల మొదటి భాగంలో డిస్నీ ఉద్యోగంలోంచి తీసేసింది. 2006లో, అప్పటికి ఆయన పనిచేస్తున్న పిక్సార్ అనే యానిమేషన్ స్టూడియోని డిస్నీ కొన్నప్పుడు అదే డిస్నీ యానిమేషన్‌కి ఆయన చీఫ్ క్రియేటివ్ ఆఫీసర్‌గా తిరిగొచ్చాడు, ప్రెసిడెంట్‌గా పిక్సార్‌లో ఆయనతో కలిసి పనిచేసిన ఎడ్ క్యాట్‌మల్ వచ్చాడు. అప్పటికి అక్కడి దర్శకుల పరిస్థితి ఏంటంటే, పైనున్నవాళ్లు సినిమా చూసి రాసిచ్చిన మార్పుల్ని వాళ్లు తప్పనిసరిగా చేయాలి, అవీ ఒక్క చోటు నుంచి కాదు, ఒకదానికొకటి పొసగకపోయినా సరే. వీళ్లిద్దరూ ఆ తప్పనిసరిని తీసేశారు. తోటి దర్శకులు, కథ తెలిసినవాళ్లు కూర్చుని మొహమాటం లేకుండా లోపాలు చెప్తారు, కానీ అందులో ఏది తీసుకోవాలో దర్శకుడిదే నిర్ణయం, ఇదీ వాళ్లు పిక్సార్ నుంచి తెచ్చిన పద్ధతి. స్టూడియోలో మనుషులు చాలావరకు పాతవాళ్లే, మారింది చివరి మాట ఎవరిదన్నదే. (లాసెటర్‌ని ఆదర్శ నాయకుడని చెప్పడం లేదు, ఉద్యోగుల పట్ల ప్రవర్తన మీద ఫిర్యాదులొచ్చాక 2018లో ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయాడు. ఆ ఒక్క పద్ధతి వరకే చెప్తున్నా.)

సరే, చివరి మాట ఎవరిదో తెలుసుకోవడం ఎలా? ఇంటర్వ్యూలో ‘నాకు పూర్తి స్వేచ్ఛ ఉంటుందా’ అని అడిగితే ఉంటుందనే అంటారు, ఉండదని ఏ కంపెనీ చెప్తుంది. అలా అడక్కూడదు. జరిగినదాని గురించి అడగాలి. పోయిన నెల బయటికెళ్లిన ఏదో ఒక క్యాంపెయిన్ పేరు పట్టుకుని, దీని బ్రీఫ్, అంటే క్లయింట్‌కి ఏం కావాలో చెప్పే కాగితం, ఎవరు రాశారు, మొదటి లేఅవుట్ ఎవరు ఓకే చేశారు, తర్వాత ఎన్ని చేతులు మారింది, చివర్లో ఎవరు సరే అన్నారు, అని వరసగా అడగమనండి. జవాబు చెప్పేవాళ్లు రెండు నిమిషాల్లో తడబడకుండా చెప్పేస్తే అక్కడ ఒక పద్ధతి ఉన్నట్టే. ‘అంటే, అందరం కలిసే చేస్తాం’ అని సాగదీశారంటే మీ అమ్మాయికి అర్థమైపోతుంది.

ఆ కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో కూడా కనుక్కోవాలి. ఇంతకుముందు లీడర్‌గా ఉన్నవాళ్లు ఎక్కడున్నారు, ఎన్నాళ్లున్నారు, ఎందుకెళ్లారు. కంపెనీని అడగడం ఒకటి, వీలైతే ఆ వెళ్లిపోయిన మనిషినే నేరుగా అడగడం ఇంకొకటి, రెండు కథలూ కలవకపోతే వెళ్లినవాళ్ల కథనే కొంచెం ఎక్కువ నమ్మమంటాను. అలాగే మూడేళ్ల క్రితం మానేసేటప్పుడు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం చెప్పే ఉంటుంది కదా. దాన్నే ఇప్పుడు గుర్తుచేయాలి, గొడవలా కాదు, మామూలుగా: ‘అప్పుడు నేను ఈ కారణంతో మానేశాను, ఆ తర్వాత ఇందులో ఏం మార్చారు?’ పిలిచినవాళ్లకి ఈ ప్రశ్న ఇబ్బంది అనిపిస్తే ఇప్పుడే అనిపించనివ్వండి, చేరాక అనిపించడం కన్నా మేలు.

హోదాతో పాటు ఏమేం చేతికొస్తాయో కూడా స్పష్టంగా ఉండాలి. టీమ్‌లోకి మనుషుల్ని తీసుకోవడంలో తన మాట చెల్లుతుందా, అప్రైజల్ రాసేది తనేనా, ఒక పనికి ఎన్ని రోజులు కావాలో తను చెప్తే వింటారా లేక డెడ్‌లైన్ క్లయింట్‌కి మాటిచ్చేశాక తనకి చెప్తారా, కొత్త క్లయింట్‌ని తెచ్చుకోవడానికి ఐడియాలు చూపించి పిచ్ చేద్దామంటే ‘ఈ వారం మావాళ్లకి కుదరదు’ అనే హక్కు ఉందా. క్లయింట్ మీటింగ్‌లో తను కూర్చుంటుందా, లేక క్లయింట్ సర్వీసింగ్ వాళ్లు విని వచ్చి తమకి అర్థమైనట్టు చెప్తారా? ఇదొక్కటి సరిగా ఉంటే సగం మార్పులు తగ్గిపోతాయి, ఎందుకంటే చాలా మార్పులు డిజైన్ బాగాలేక రావు, క్లయింట్ అడిగింది ఒకటీ టీమ్‌కి చేరింది ఇంకొకటీ అవడం వల్ల వస్తాయి.

ఇక మీరు భయపడుతున్న ఆ సీనియర్ గారి విషయం. మీ భయంలో అర్థముంది. ఆయన అక్కడే ఉన్నాడు, వదిలి వెళ్లలేదు, మధ్యలో కుర్చీ ఖాళీ అయింది, తనకి ఇస్తారనుకుని ఉండొచ్చు, వెళ్లిపోయిన జూనియర్‌ని పిలిచి ఇచ్చారు. ఎవరికైనా మండుతుంది. కాబట్టి ఆఫర్ ఒప్పుకునే ముందే కంపెనీని అడగాలి, లోపలివాళ్లని ఈ పోస్టుకి చూశారా, ఆయనకి ఎందుకు ఇవ్వలేదో ఆయనకి చెప్పారా అని. ఆ మాట చెప్పాల్సిన బాధ్యత కంపెనీది, మీ అమ్మాయిది కాదు. వాళ్లు చెప్పకుండా, ఆమె వచ్చాక తనే సర్దుకుంటుందిలే అని వదిలేస్తే మొదటి రోజే ఇబ్బంది మొదలవుతుంది. వాళ్లు చెప్పాక, చేరిన వారంలోనే ఆయనతో విడిగా కూర్చుని మాట్లాడాలి. క్షమాపణలు అక్కర్లేదు, ‘మీ ముందు నేనెంతండీ’ లాంటి అతి వినయం అసలే వద్దు. ఆయన ఏ పని తన చేతిలో ఉంచుకోవాలనుకుంటున్నాడో అడిగి, అందులో ఒక పెద్ద క్లయింట్ పని పూర్తిగా ఆయనకే అప్పగించి, మధ్యలో వేలు పెట్టకుండా ఉండగలిగితే చాలావరకు చల్లబడతాడు. ఆర్నెల్లయినా చల్లబడకపోతే అది అప్రైజల్‌లో మాట్లాడుకోవాల్సిన విషయం.

మిగతా పాత స్నేహితుల సంగతి ఇంకో రకం. బాసుని తిట్టుకోవడానికి పెట్టుకున్న వాట్సాప్ గ్రూప్ ఒకటి ప్రతి టీమ్‌కీ ఉంటుంది, మీ అమ్మాయి ఇంకా అందులో ఉందేమో అడగండి. ఉంటే చేరే ముందే చెప్పి బయటికి రావాలి. వాళ్లకి తిట్టుకోవడానికి ఒక చోటు కావాలి, అందులో ఇప్పుడు తనుండకూడదు. భోజనాలకి కలిసి వెళ్లడం మానక్కర్లేదు గానీ, ఒక్క స్నేహితురాలితోనే రోజూ వెళ్తే మిగతావాళ్లు లెక్కలేసుకుంటారు.

టీమ్‌లో కొత్తవాళ్లూ ఉంటారు, తనెవరో వాళ్లకి తెలియదు. వాళ్లని తక్కువగా చూసే ప్రమాదం తిరిగొచ్చినవాళ్లకి ఎక్కువ, ఎందుకంటే ‘మా రోజుల్లో’ అనే మాట నోటి చివరే ఉంటుంది. స్టీవ్ జాబ్స్ కథ అందరూ చెప్తారు, 1985లో యాపిల్ నుంచి వెళ్లిపోయి 1997లో తిరిగొచ్చాడని, కంపెనీని నిలబెట్టాడని. అందులో తక్కువమంది పట్టించుకునే సంగతి ఒకటుంది. 1998లో వచ్చిన ఐమ్యాక్ కంప్యూటర్‌ని డిజైన్ చేసిన జోనీ ఐవ్ టీమ్‌ని జాబ్స్ వెంటబెట్టుకుని రాలేదు. ఐవ్ 1992 నుంచి అక్కడే ఉన్నాడు, వెళ్లిపోదామా అని కూడా ఆలోచిస్తున్నాడు. జాబ్స్ కూడా మొదట బయట పేరున్న డిజైనర్ల కోసం చూసి, తర్వాతే లోపలున్నవాళ్ల పని చూశాడు. మీ అమ్మాయి ఆ వరస తిరగేస్తే చాలు. మొదటి నెల ఏ పద్ధతీ మార్చకుండా, తను లేని మూడేళ్లలో వాళ్లు చేసిన పని అంతా తెప్పించుకుని చూడాలి, ముఖ్యంగా క్లయింట్ కాదన్న డిజైన్లు. ఎవరి దగ్గర ఏముందో ఆ పక్కన పడేసిన ఫైళ్లలోనే బాగా తెలుస్తుంది.

తనతో తనే తేల్చుకోవాల్సింది ఒకటి మిగిలింది. టీమ్ లీడర్ అయ్యాక చేత్తో డిజైన్ చేసే సమయం బాగా తగ్గిపోతుంది. మీటింగులు, టైమ్‌లైన్లు, ఎవరో సెలవు పెట్టడం, ఎవరో మానేస్తాననడం, రోజు ఇలాగే గడుస్తుంది. పని బాగా వచ్చినవాళ్లు చేసేది ఏంటంటే, జూనియర్ చేసిన లేఅవుట్ నచ్చక, వివరించే ఓపిక లేక, రాత్రికి తనే కూర్చుని సరిచేసేస్తారు. డిజైన్ బాగుంటుంది, జూనియర్ ఏమీ నేర్చుకోడు, మర్నాటి నుంచి సగం చేసి వదిలేస్తాడు, ఎలాగూ మేడమ్ చేస్తారుగా అని. తను ఏ అలవాటు చూసి మూడేళ్ల క్రితం పారిపోయిందో అదే అలవాటు తన చేతులతోనే మొదలవుతుంది. ‘నాకు నచ్చలేదు’ అనకుండా, ‘బ్రీఫ్‌లో ఇలా ఉంది, ఇది అక్కడ తప్పుతోంది’ అని చెప్పి, మళ్లీ వాళ్లచేతే చేయించి, వచ్చింది తను చేసినంత బాగా లేకపోయినా సరిపోతుందంటే పంపించేయగలదా? డిజైన్ చేయడమే ప్రాణం, ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే అదేమీ లోపం కాదు, సీనియర్ డిజైనర్‌గా, ఆర్ట్ డైరెక్టర్‌గా ఎదిగే దారి వేరే ఉంది.

జీతం గురించి క్లుప్తంగా. మానేసిన రోజు జీతం వాళ్ల రికార్డుల్లో ఉంటుంది, దాని మీద శాతం పెంచి ‘చూడండి ఎంత పెంచామో’ అంటారు. ఆ లెక్కకి ఒప్పుకోవద్దు. ఇదే పోస్టుకి బయటి నుంచి కొత్త మనిషిని తెస్తే ఎంతివ్వాలో అదే తన ధర. పాత నాలుగేళ్ల సర్వీసు సెలవులకీ మిగతా ప్రయోజనాలకీ కలుపుతారా లేదా అన్నది ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోవాలి, హెచ్ఆర్ వాళ్ల నోటిమాట చాలదు. ఎవరికి రిపోర్ట్ చేస్తుందో, టీమ్ ఎంతమందో, ఏది తను ఫైనల్ చేస్తుందో కనీసం ఒక ఈమెయిల్‌లోనైనా రావాలి.

ఇప్పుడున్న కంపెనీతో కూడా శుభ్రంగా తెంచుకోవాలి. అక్కడ చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాలు ఒకసారి తీసి చదవమనండి, వాళ్ల క్లయింట్లనీ మనుషులనీ వెంట తీసుకెళ్లకూడదనే షరతు ఉండొచ్చు. అక్కడ చేసిన ఫైళ్లు కాపీ చేసుకుని తీసుకెళ్లకూడదు, పోర్ట్‌ఫోలియోలో ఏవి పెట్టుకోవచ్చో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవాలి. పాత కంపెనీ ఆఫర్ లెటర్ సంతకాలతో చేతికొచ్చేదాకా రాజీనామా మాటే ఎత్తొద్దు, పాత పరిచయమే కదా అని ఈ ఒక్క విషయంలో చాలామంది మొహమాటపడతారు.

వాళ్లకి జవాబివ్వడానికి ఒక వారం గడువు అడగమనండి, అందులో ఆ పాత లీడర్‌తో ఒకసారీ, టీమ్‌లో ఇప్పుడున్న ఒకరిద్దరితో ఒకసారీ మాట్లాడటం కుదురుతుంది. వారం కూడా ఆగలేం, రేపే చెప్పాలి అని వాళ్లంటే, ఆ తొందరేంటో ముందు అడిగి తెలుసుకోమనండి.