ఆడియోబుక్ వింటే రీడింగ్ ఛాలెంజ్‌లో లెక్కలోకి వస్తుందా?

మీ పుస్తకాల గ్రూపులో ఏడాదికి 24 పుస్తకాల ఛాలెంజ్ పెట్టుకున్నారు, విన్నవి కూడా కలపొచ్చా అని అడిగారు. నిక్షేపంగా కలపొచ్చు. పాఠకుల వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్ పెట్టే వార్షిక ఛాలెంజ్‌లో కూడా విన్నదీ చదివిందీ ఒకటే లెక్క. చూపులేనివారి కోసం బ్రిటన్‌లో 1935లోనే టాకింగ్ బుక్స్ మొదలయ్యాయి. వాళ్లు పుస్తకాలు చదవలేదని అనలేం కదా! కాకపోతే పూర్తి పుస్తకం వినాలి. పావుగంట సారాంశాలు విని ‘అయిపోయింది’ అని టిక్ పెట్టడం నా దృష్టిలో దొంగలెక్కే.

అసలు పేచీ అభిప్రాయం చెప్పేటప్పుడు వస్తుంది. ‘బోర్ కొట్టింది’ అంటే పుస్తకమా, చదివిన గొంతా? ఆ రెండూ విడివిడిగా చెప్పండి. ఏ వేగంతో విన్నారో కూడా రాయండి. నింపాదిగా సాగే నవలను రెట్టింపు వేగంతో పరిగెత్తించి, మనసుకు తాకలేదంటే రచయిత మాత్రం ఏం చేస్తారు? ఆడియోలో పేజీ నంబర్లుండవు కాబట్టి అధ్యాయం చెబితే, అచ్చు పుస్తకం చదివినవాళ్లు ఆ చోటు వెతుక్కోగలరు. విదేశీ నవలైతే పాత్రల పేర్లు ఒకసారి నెట్‌లో చూసుకోండి, చెవికి వినబడింది ఒకటి, రాసేది ఇంకొకటి.

ఇంకోమాట. లక్ష్యాన్ని పుస్తకాల సంఖ్యలో పెడితే అందరూ సన్నపుస్తకాలే ఏరుకుంటారు. గంటల్లో పెట్టుకోండి. మామూలు వేగంలో ఇంగ్లిష్ ఆడియో గంటకు దాదాపు 9,000 పదాలు నడుస్తుంది. అంటే 90,000 పదాల నవలకు 10 గంటలు. రోజూ వాకింగ్‌లో అరగంట విన్నా 20 రోజుల్లో పూర్తవుతుంది.