అంకె పెద్దదైతే లెక్క మారుతుందా?

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నాడు. ఎక్కాలు తప్పు లేకుండా చెబుతాడు, గుణకారాలు, భాగహారాలు విడిగా ఇస్తే చేసేస్తాడు. అదే లెక్కను మాటల్లో ఇచ్చి అందులో లక్షలు కనబడితే మాత్రం ఏం చేయాలో తోచక ఆగిపోతాడు. "ఒక గోదాములో 3,48,750 కిలోల ఎండుమిర్చి ఉంది, దానిని 45 కిలోల చొప్పున బస్తాల్లో నింపితే ఎన్ని బస్తాలు అవుతాయి?" అన్న లెక్కకు మొన్న 1,56,93,750 అని రాశాడు. ఎలా నేర్పించాలి?
— ఒక రైతు, పరకాల

జవాబు: 3,48,750ని 45తో గుణిస్తే సరిగ్గా మీ అబ్బాయి రాసినంతే వస్తుంది. అంత పెద్ద గుణకారాన్ని ఒక్క అంకె కూడా పోకుండా చేసిన పిల్లవాడికి లెక్కలు రావని దయచేసి అనుకోవద్దు. అతను తడబడింది లెక్కను చదవడంలో. "మొత్తం" అంటే కూడిక, "మిగిలింది" అంటే తీసివేత, "చొప్పున" అంటే గుణకారం అని పిల్లలు గుర్తులు పెట్టుకుంటారు. కొన్నిచోట్ల మా ఉపాధ్యాయులమే అలా చెప్పాం, అది మా పొరపాటే. ఈ లెక్కలో "చొప్పున" ఉంది, కానీ చేయవలసింది భాగహారం. ఒక్కొక్క మాటను పట్టుకుని దారి వెతికే అలవాటు ఇలాంటి చోటనే మోసం చేస్తుంది.

ఈసారి అలాంటి లెక్క వచ్చినప్పుడు పెద్ద అంకెను చేతితో మూసి, దాని స్థానంలో 90 అని చెప్పండి. తొంభై కిలోల మిర్చిని నలభై ఐదు కిలోల బస్తాల్లో నింపితే ఎన్ని అవుతాయని అడిగితే, కాగితం ముట్టకుండానే రెండు అంటాడు. రెండు ఎలా వచ్చిందని వెంటనే అడగండి. భాగించానని తన నోటితో చెప్పిన తరువాత చేయి తీసి, ఇప్పుడూ అదే పని చేయమనండి. అంకె పెరిగినంత మాత్రాన చేసే పని మారదని అతనికి తెలియాలి. ఈ ఒక్కటి మనసుకు పట్టడానికి కొందరికి వారం, కొందరికి నెల పడుతుంది, తొందరపెట్టవద్దు.

తరువాత నేర్పవలసింది ఉజ్జాయింపు. 3,48,750 అంటే దాదాపు మూడున్నర లక్షలు, 45ను 50 అనుకుంటే ఏడు వేలు వస్తుంది. బస్తా పరిమాణాన్ని కాస్త పెంచి చూశాం కాబట్టి అసలు జవాబు ఏడు వేల కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. ఇక భాగిస్తే 7,750 బస్తాలు. ఇంత ఆలోచన ముందే ఉంటే కోటిన్నర బస్తాలు అన్న జవాబు కాగితం మీదికి రాదు, ఎందుకంటే అప్పుడు ఉన్న కిలోల కంటే బస్తాలే ఎక్కువవుతాయి. వీలైతే మీరు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు సరుకు తీసుకుపోయే రోజున అతన్నీ వెంట తీసుకుపోయి కాంటా దగ్గర నిలబెట్టండి. వంద కిలోలు ఒక క్వింటాలని, 3,48,750 కిలోలంటే 3,487 క్వింటాళ్ల 50 కిలోలని అక్కడ చెబితే ఆ అంకెకు ఒక బరువు వస్తుంది.

మరొక్క మాట. గోదాములో 3,48,770 కిలోలు ఉంటే 20 కిలోలు శేషంగా మిగులుతాయి. నిండు బస్తాలు ఎన్ని అని అడిగితే 7,750. సరుకంతా నింపడానికి ఎన్ని బస్తాలు కావాలని అడిగితే 7,751. భాగహారం ఒకటే అయినా ప్రశ్నను బట్టి జవాబు మారుతుంది కాబట్టి, లెక్క పూర్తయ్యాక ప్రశ్నను మళ్లీ ఒకసారి చదివించండి.

ప్రశ్న: ఎకరం 25 లక్షల చొప్పున 3 ఎకరాల 17 గుంటల భూమికి బేరం కుదిరింది. కాలిక్యులేటరులో 3.17ను 25 లక్షలతో గుణిస్తే 79,25,000 వచ్చింది. అమ్మేవారు 85,62,500 అంటున్నారు. ఎవరి లెక్క సరైనది?
— ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, అమ్మేవారి లెక్కే సరైనది. మూడెకరాల పదిహేడు గుంటలను కాగితాల్లో చుక్క పెట్టి 3.17 అని రాయడం మన దగ్గర వాడుక. ఆ చుక్క ఎకరాలను, గుంటలను విడదీయడానికి పెట్టిందే తప్ప దశాంశ బిందువు కాదు. కాలిక్యులేటరు మాత్రం చుక్క తరువాత ఉన్నదానిని వందలో పదిహేడుగా తీసుకుంటుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 17 గుంటలంటే 0.425 ఎకరం, మొత్తం 3.425 ఎకరాలు.

ఇంతకంటే తేలికైన దారి అన్నింటినీ గుంటల్లోకి మార్చడం. మూడెకరాలకు 120, పైన 17, వెరసి 137 గుంటలు. ఎకరం 25 లక్షలైతే గుంట 62,500 రూపాయలు. 137తో గుణిస్తే 85,62,500. మీ లెక్కకూ వారి లెక్కకూ తేడా 6,37,500 రూపాయలు. గజాల్లో కావాలంటే గుంటకు 121 గజాల చొప్పున 16,577 గజాలు. ఎకరాలు, గుంటలు కలిసి వచ్చిన ఏ లెక్కలోనైనా ముందు అన్నింటినీ ఒకే కొలతలోకి మార్చిన తరువాతే గుణకారం మొదలుపెట్టండి. ఇలాంటి చుక్క వల్ల డబ్బు నష్టపోయినవారిని చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: ఒక టీఎంసీ అంటే ఎన్ని లీటర్లు? దిగువ మానేరు జలాశయంలోకి 6,000 క్యూసెక్కుల నీరు వస్తుంటే ఒక టీఎంసీ చేరడానికి ఎంతసేపు పడుతుంది?
— డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు సుమారు 28.3 లీటర్లు కాబట్టి టీఎంసీకి దాదాపు 2,830 కోట్ల లీటర్లు. దిగువ మానేరు నిండితే సుమారు 24 టీఎంసీలు, అంటే దాదాపు 68 వేల కోట్ల లీటర్లు.

ఇలాంటి లెక్కల్లో సున్నాలన్నీ రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకటి జారిపోతుంది. కోటినే ఒక కొలతగా పెట్టుకోండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, రోజుకు 86,400 సెకన్లు. 6,000ను 86,400తో గుణిస్తే రోజుకు 51.84 కోట్ల ఘనపుటడుగులు చేరుతాయి. మనకు కావలసింది 100 కోట్లు, అంటే రెండు రోజులకు కొంచెం తక్కువ. కచ్చితంగా కావాలంటే 100 కోట్లను 6,000తో భాగించండి: దాదాపు 1,66,667 సెకన్లు, అంటే 46 గంటల 18 నిమిషాలు. ఇది మధ్యలో కాలువలకు నీరు వదలనప్పటి లెక్క. వదులుతుంటే ఆ క్యూసెక్కులను ముందే 6,000 నుంచి తీసివేసి మొదలుపెట్టాలి.