చాలా మతాల్లో జలప్రళయం కథ ఎందుకుంది? లోకమంతా నిజంగా ఒకేసారి మునిగిందా?

లోకమంతా ఒకేసారి మునిగినట్టు భూగర్భ శాస్త్రంలో ఆధారం లేదు. కానీ కథలు పుట్టింది నిజమైన వరదల నుంచేనని నేను గట్టిగా నమ్ముతాను. 2023 జులైలో మోరంచవాగు పొంగి మా భూపాలపల్లి వైపు మోరంచపల్లిని ముంచినప్పుడు జనం ఇళ్ల పైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ డాబా మీది పిల్లవాడికి కనుచూపు మేర నీళ్లే కదా లోకం! నదీ తీరాల్లో బతికిన ప్రాచీనులకూ అంతే.

కొన్ని కథలు మాత్రం నిజంగానే చుట్టాలు. మెసొపొటేమియాకు (నేటి ఇరాక్ ప్రాంతం) చెందిన, మట్టి పలకల మీద రాసిన గిల్గమెష్ గాథ 11వ పలకలో ఉత్నపిష్తిం అనే అతను ఓడ కట్టి, వరద తగ్గాక పావురాన్ని, ఆ తర్వాత కాకిని వదులుతాడు. బైబిల్లో నోవహు చేసిందీ దాదాపు అదే. 1872లో బ్రిటిష్ మ్యూజియం పండితుడు జార్జ్ స్మిత్ ఆ పలకను చదివి బయటపెట్టినప్పుడు లోకం నివ్వెరపోయింది. ఇంత పోలిక యాదృచ్ఛికం కాదు.

మన కథ దారి వేరు. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో మనువు ఓడను చేప కొమ్ముకు కడతాడు. భాగవతంలో ఆ స్థానంలో ద్రవిడ రాజు సత్యవ్రతుడు ఉంటాడు. మన బమ్మెర పోతన అష్టమ స్కంధంలో చదవండి. నోవహు కాలపు వరద పాపానికి శిక్ష. భాగవతంలో ప్రళయం బ్రహ్మకు రాత్రి కావడం వల్ల వస్తుంది.

చైనా కథలో యూ అనే పురాణ వీరుడు అసలు ఓడే ఎక్కడు. ఏళ్ల తరబడి కాలువలు తవ్వి నీటిని సముద్రానికి మళ్లిస్తాడు. కాకతీయుల చెరువుల మధ్య పెరిగిన నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఆ కథే.