ఎవరూ మాట్లాడని స్టడీ హాల్లో కూడా ఒకరి జలుబు అందరికీ ఎలా అంటుకుంటుంది?

మీరు అడిగింది ఇది: అశోక్‌నగర్‌లో ఏసీ స్టడీ హాల్లో గ్రూప్స్‌కి చదువుతున్నారు. ప్రతి సీటుకీ ప్లైవుడ్ పార్టిషన్ ఉంది, గుమ్మం దగ్గర శానిటైజర్ ఉంది, లోపల ఎవరూ నోరు విప్పరు. అయినా ఒకరికి జలుబో జ్వరమో వచ్చిందంటే వారం తిరిగేసరికి వరసకు వరస పడకేస్తోంది. ఎందుకని?

మీ హాల్లో గాలి మారడం లేదు కాబట్టి. దిల్‌సుఖ్‌నగర్ వైపు నేనూ ఒక స్టడీ హాల్ నడుపుతున్నాను. కోవిడ్ తర్వాత మళ్లీ తలుపులు తెరిచేటప్పుడు ఈ విషయం మీద చాలా చదివాను, మా హాల్లోనే పరీక్షించి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దగ్గితే, తుమ్మితే తుంపర్లు పడతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది నిజమే. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) సైజు తుంపర మనిషి నోటి ఎత్తు నుంచి ఐదు సెకన్లలో నేల మీద పడిపోతుంది. మీ పార్టిషన్ ఆపేది ఇలాంటి వాటినే. కానీ ఊపిరితో బయటికొచ్చే కణాల్లో ఎక్కువ శాతం ఇంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి. 5 మైక్రాన్ల కణం కదలని గాలిలో ఒకటిన్నర మీటరు కిందికి దిగడానికి అరగంట పైనే పడుతుంది. 1 మైక్రాన్ కణానికైతే పన్నెండు గంటలు పడుతుంది. అదీ గాలి కదలకుండా ఉంటేనే. ఏసీ, ఫ్యాను, మనుషుల ఒంటి వేడి వల్ల హాల్లో గాలి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ కణాలు ఇంకా ఎక్కువసేపు తేలుతూ ఉంటాయి.

"మరి మా దగ్గర ఎవరూ మాట్లాడరు కదా" అన్నారు. మాట్లాడితే కణాలు ఎక్కువ వస్తాయి, గొంతు పెంచితే ఇంకా ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ ఊరికే ఊపిరి వదిలినా వస్తాయి. అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్లు ఫ్లూ ఉన్నవాళ్లను పెద్ద గరాటు లాంటి దాని ముందు అరగంట సేపు కూర్చోబెట్టి, వాళ్ల ఊపిరిని సేకరించి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో, సన్న కణాల శాంపిళ్లలో 39 శాతంలో బతికున్న ఫ్లూ వైరస్ దొరికింది. దగ్గని వాళ్ల ఊపిరిలోనూ దొరికింది. ఇక మీ సంగతి చూడండి. పొద్దున వచ్చి రాత్రి దాకా అదే కుర్చీలో కూర్చుంటారు. పక్కవాడు గంటకు వదిలేది కొంచెమే అయినా, పీల్చే గంటలు అన్ని ఉన్నాయి. పరీక్ష దగ్గరపడ్డాక ఆ గంటలు ఇంకా పెరుగుతాయి.

పార్టిషన్ సంగతి తేల్చుకోవడానికి నేను ఒక పని చేశాను. హాలు ఖాళీగా ఉన్నప్పుడు తలుపులు మూసి, ఏసీ వేసి, మూల సీట్లో బల్ల మీద అగరుబత్తి వెలిగించి పెట్టాను. అగరుబత్తి పొగ రేణువులు కూడా దాదాపు అన్నీ 1 మైక్రాన్ లోపువే, అందుకే పొగ నడక చూస్తే ఆ సన్న కణాల నడక చూసినట్టే. పొగ పార్టిషన్ అంచు దాకా నిటారుగా లేచింది. అక్కడ ఏసీ గాలి తగలగానే ఒక్కసారి పక్కకు వంగి, వరస మొత్తం మీదుగా సాగి, ఎదురు గోడకు కొట్టుకుని, గోడ వెంట కిందికి జారి, బల్లల కిందుగా వెనక్కి వచ్చింది. ఎక్కడికి? మళ్లీ ఏసీ దగ్గరికే. ఏసీ దాన్ని పీల్చి, చల్లబరిచి, తిరిగి అదే వరస మీదికి వదిలింది. కాసేపటికి ఆ చివరి సీట్లో కూర్చున్నా పొగ కళ్లకు తగులుతూనే ఉంది. మధ్యలో ఉన్న ప్లైవుడ్ ముక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మనం వాడే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. అందులోని జాలీ దుమ్మునీ, నూగునీ పడుతుంది గానీ ఇంత సన్న కణాలను పట్టలేదు.

ఇలాంటిదే 2020లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగింది. జనవరి 24న, వాళ్ల కొత్త సంవత్సరం ముందురోజు, ఒక రెస్టారెంట్లో మూడు కుటుంబాలు పక్కపక్క టేబుళ్ల దగ్గర భోంచేశాయి. ఆ మూడు టేబుళ్లూ ఒకే ఏసీ గాలి వరసలో ఉన్నాయి. ఒక టేబుల్ దగ్గర కోవిడ్ ఉన్న మనిషి కూర్చున్నారు. చివరికి మూడు కుటుంబాల్లో కలిపి పది మందికి కోవిడ్ వచ్చింది. ఆ గాలి వరసకు బయట ఉన్న టేబుళ్ల వాళ్లకు రాలేదు, వడ్డించిన వాళ్లకు రాలేదు. సీసీ కెమెరా దృశ్యాలు చూస్తే ఆ కుటుంబాల మధ్య చెప్పుకోదగ్గ దగ్గరితనమే లేదు. ఆ పూట ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. తర్వాత కొలిస్తే ఒక్కో మనిషికి సెకనుకు సుమారు ఒక లీటరు బయటి గాలి మాత్రమే అందిందని తేలింది. ఇంజనీర్ల ప్రమాణాల ప్రకారం ఎనిమిది నుంచి పది లీటర్లు అందాలి.

మన హైదరాబాద్ సంగతి కూడా చెప్తాను. ఇక్కడి కేంద్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ అనే మరో కేంద్ర పరిశోధన సంస్థతో కలిసి హైదరాబాద్, మొహాలీ ఆసుపత్రుల్లో, కోవిడ్ పేషెంట్లు ఉన్న ఇళ్లల్లో గాలి శాంపిళ్లు తీశారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో, గదిలో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ పేషెంట్లు ఉంటే గాలిలో వైరస్ దొరికిన శాతం 75. ఒక్కరే ఉన్నా, గది ఖాళీ చేసినా అది 15.8 మాత్రమే. పేషెంట్లకు దూరంగా తీసిన శాంపిళ్లలోనూ వైరస్ దొరికింది.

ఇంత తెలిసినా ఈ మాట బయటికి రావడానికి చాలా కాలం పట్టింది, అది నాకు ఇప్పటికీ బాధే. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని సోషల్ మీడియాలో గట్టిగా చెప్పింది. జూలైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన బహిరంగ లేఖకు 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికాక గానీ చర్చ మొదలవలేదు. ఈలోగా మనం కూరగాయలను ఉప్పునీళ్లలో కడిగాం, వీధుల్లో బ్లీచింగ్ చల్లాం, కిటికీలు మాత్రం మూసే ఉంచాం. వస్తువులను తాకడం వల్ల కోవిడ్ వచ్చే అవకాశం మామూలుగా ఒక్కో తాకిడికి 10,000లో 1 కంటే తక్కువని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్లో చెప్పింది. చేతులు కడుక్కోవద్దని కాదు, విరేచనాల జబ్బులకూ కొన్ని రకాల జలుబులకూ అది కావాల్సిందే. కాకపోతే మీ హాల్లో అసలు సమస్య శానిటైజర్ సీసాతో తీరేది కాదు.

మీ హాల్లో గాలి ఎంత నిలవ ఉందో కొలవచ్చు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి కొనండి, నలుగురు కలిసి కొంటే పెద్ద భారం కాదు. ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కొలిచేది) అని రాసి ఉన్నదే తీసుకోండి, మరీ చవక రకాలు అంచనా అంకెలు చూపిస్తాయి. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల్లో 420 వంతులు ఉంటుంది. మా దగ్గర మొదటిసారి పెట్టినప్పుడు, పొద్దున తెరవగానే దాదాపు అంతే చూపించింది. సీట్లు నిండి తలుపు మూశాక అంకె ఎక్కుతూ పోయింది, లంచ్ టైమ్‌కి 2,000 దాటింది. మనం వదిలే ఊపిరిలో అది సుమారు 40,000 ఉంటుంది. లెక్క వేసుకోండి: 2,000లోంచి బయటి 420 తీసేస్తే మిగిలేది సుమారు 1,600, అంటే మీరు పీల్చే గాలిలో దాదాపు 4 శాతం ఇంకొకరు వదిలినదే. ప్రతి 25 శ్వాసల్లో ఒకటి ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందన్నమాట. మధ్యాహ్నం పూట తల బరువెక్కి, చదివింది బుర్రకెక్కడం లేదని పిల్లలు అంటుంటే నేను భోజనం మత్తనుకునేవాణ్ని. గాలి మార్చాక ఆ ఫిర్యాదు బాగా తగ్గింది.

మేం చేసినవి పెద్ద ఖర్చువేం కావు. తలుపుకు ఎదురు గోడలో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, హాలు తెరిచి ఉన్నంతసేపూ నడుపుతున్నాం. తలుపు పక్కనే గాలి లోపలికి రావడానికి కిటికీ రెక్క కొద్దిగా తెరిచి ఉంచాం. ఆ దారి లేకపోతే ఎగ్జాస్ట్ ఊరికే మోత చేస్తుంది, గాలి లాగదు. రెండూ ఒకే మూల పెట్టినా లాభం లేదు, హాలు మొత్తాన్ని దాటి గాలి వెళ్లాలి. కరెంటు బిల్లు పెరిగింది, అది దాచను. ఎండాకాలంలో ఏసీ ఒక డిగ్రీ పెంచి సీలింగ్ ఫ్యాన్లు వేస్తున్నాం. రోడ్డు మోత లోపలికి వస్తోందని కొందరు గొడవపడ్డారు, వాళ్లను లోపలి వరసలకు మార్చాం.

కిటికీలే లేని సెల్లార్ హాలైతే హెపా ప్యూరిఫయర్లు (సన్న కణాలను కూడా పట్టే ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రాలు) పనికొస్తాయి. డబ్బా మీద సీఏడీఆర్ అని గంటకు ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి శుభ్రం చేస్తుందో రాసి ఉంటుంది. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు దాదాపు 170 క్యూబిక్ మీటర్లు. గంటకు కనీసం ఐదుసార్లు గాలి మారేలా చూడమని సీడీసీ 2023 నుంచి చెబుతోంది. అంటే 850 కావాలి. 300 సీఏడీఆర్ ఉన్నవైతే మూడు పెట్టాలి. ఒకటి మూలన పెట్టి ఊరుకుంటే ఏమీ కాదు. ప్యూరిఫయర్ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు కాబట్టి మీటర్ అంకె దిగలేదని కంగారు పడకండి.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఫీజు రూలు. నెల ఫీజు కట్టేశాక జ్వరం వచ్చినా పిల్లలు మానరు, డబ్బు పోతుందని బాధ. అందుకే జ్వరంతో ఇంట్లో ఉన్న రోజులను నెల చివర కలిపి ఇస్తున్నాం. ఫోన్ చేసి చెప్తే చాలు, డాక్టరు చీటీ అడగం. తప్పనిసరిగా రావాల్సి వస్తే ఎన్95 మాస్కు పెట్టుకుని ఎగ్జాస్ట్ పక్క సీట్లో కూర్చోమంటాం. బట్ట మాస్కు అంచుల్లోంచి గాలి పోతూనే ఉంటుంది.

మీ హాల్లో రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి సర్కారు దవాఖానాలో కళ్లె పరీక్ష చేయించుకోమనండి. అది ఉచితం. టీబీ కూడా ఇలా గాలి ద్వారానే వస్తుంది, హాస్టల్ గదుల్లో, ఇరుకు హాళ్లలో గంటల తరబడి కలిసి ఉండే వయసు వాళ్లకు ఆ జాగ్రత్త చాలా అవసరం.

మీ ఓనర్ వెంటనే ఏమీ చేయకపోతే, సీటు మార్చుకునే వీలుందేమో అడగండి. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలే వరస, దానికి ఎదురు గోడ పక్క సీట్లు వదిలేయండి. తెరిచే కిటికీ పక్కన సీటు దొరికితే, ఎండగా ఉన్నా, మోతగా ఉన్నా, నేనైతే అదే తీసుకుంటాను.