టెక్ సందేహాలు: సోల్‌కాలిబర్‌లో కత్తి కంటే ముందు కనెక్షన్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో కత్తుల ఫైటింగ్ గేమ్ సోల్‌కాలిబర్ గురించినవే ఎక్కువ. లాగ్ ఎందుకొస్తోంది, రివర్సల్ ఎడ్జ్ అనే ఎదురుదెబ్బ ఉండాలా వద్దా, ఏడో భాగం వస్తుందా అని. మిగతా ప్రశ్నలను వచ్చేవారానికి వాయిదా వేసి వీటి సంగతి చూద్దాం.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో, మా అన్నయ్య డల్లాస్‌లో. ఇద్దరికీ స్టీమ్‌లో సోల్‌కాలిబర్ 6 ఉంది. ఇద్దరివీ 200 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్లే. అయినా ఆడుతుంటే బురదలో నడుస్తున్నట్టు ఉంటోంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటారా?

వద్దు, డబ్బు దండగ. ఫైటింగ్ గేమ్‌కి నెట్ వేగం పెద్దగా అక్కర్లేదు. ఇద్దరి మధ్య ఒక్కో క్షణం తిరిగే డేటా చాలా తక్కువ, ఎందుకంటే వెళ్లేది బొమ్మ కాదు, ఎవరు ఏ బటన్ నొక్కారన్న సమాచారమే. కావాల్సింది ఆ సమాచారం త్వరగా, ఒకే తీరున చేరడం. మీ సమస్య దూరం. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి గీత గీసినట్టు వెళ్లినా సుమారు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోవడానికి 70 మిల్లీసెకన్లు, రావడానికి మరో 70. కేబుళ్లు గీత గీసినట్టు పోవు, మధ్యలో ఎన్నో రౌటర్లు తగులుతాయి. అందుకే మీకు పింగ్, అంటే సమాచారం పోయి రావడానికి పట్టే సమయం, 250 మిల్లీసెకన్ల ప్రాంతంలో కనిపిస్తుంది. ఏ ప్లాన్ కొన్నా ఇది తగ్గదు.

ఇక ఆట లోపలి సంగతి. సోల్‌కాలిబర్ 6 సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది. ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. దీనిది డిలే పద్ధతి: అవతలివాళ్ల బటన్ వచ్చేదాకా మీ బటన్‌ను కూడా ఆట ఆపి ఉంచుతుంది, అప్పుడే ఇద్దరి తెరల మీదా ఒకే పోరు జరుగుతుంది. 250 పింగ్‌లో ఒకవైపు ప్రయాణం 125 మిల్లీసెకన్లు, అంటే ఏడున్నర ఫ్రేములు. ఎనిమిది అనుకోండి. అన్నయ్య 26 ఫ్రేములు పట్టే ఒక కింది దెబ్బ వేశాడనుకుందాం. ఒకే గదిలో ఆడుతుంటే దాన్ని చూసి కిందికి గార్డ్ పెట్టడానికి మీకు 26 ఫ్రేములూ ఉంటాయి. ఇప్పుడు మీ గార్డ్ ఎనిమిది ఫ్రేములు ఆలస్యంగా పనిచేస్తుంది కాబట్టి మిగిలేది 18. చూసి స్పందించడానికే మామూలు మనిషికి 15 నుంచి 18 ఫ్రేములు పడుతుంది. కాబట్టి ఆ దెబ్బను ఇక చూసి ఆపలేరు, ఊహించి ఆపాల్సిందే. ఆట తీరే మారిపోతుంది.

డిలేకి బదులు కొన్ని ఆటలు వాడేది రోల్‌బ్యాక్ పద్ధతి. అందులో మీ బటన్ వెంటనే పనిచేస్తుంది. అవతలివాళ్లు ఇందాక చేస్తున్నదే చేస్తున్నారని ఆట ఊహించుకుని ముందుకు పోతుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి వెళ్లి, లెక్క మళ్లీ వేసుకుని, ఇప్పటి ఫ్రేముకి దూకుతుంది. 60, 100 పింగ్‌లో ఈ గెంతు కంటికి ఆనదు. 250లో అయితే కత్తి ఎత్తడం కనిపించకుండానే దెబ్బ సగంలోంచి ప్రత్యక్షమవుతుంది. అంటే రోల్‌బ్యాక్ వచ్చినా డల్లాస్ పోరు పూర్తిగా బాగుపడదు. హైదరాబాద్ నుంచి ముంబయి, దుబాయ్, సింగపూర్ వాళ్లతో ఆడేవాళ్లకి మాత్రం చాలా తేడా తెలుస్తుంది.

మీ చేతిలో ఉన్నవి రెండు పనులు. మొదటిది వైఫై మానేసి క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 లాన్ కేబుల్ వేయడం. తేడా చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మీ రౌటర్ చిరునామా కొట్టండి. సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1. తర్వాత మళ్లీ స్పేస్, మైనస్ గుర్తు, టి. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. రెండు నిమిషాలు వదిలేయండి. అంకెలు 1, 2 దగ్గరే నిలబడితే ఇంట్లో లోపం లేనట్టే. 3, 4, 85, 2, 60 అని ఎగిరిపడుతుంటే తప్పు మీ వైఫైదే. డిలే పద్ధతికి 120లో నిలకడగా ఉన్న పింగ్ కంటే 40, 110 మధ్య ఊగే పింగే ఎక్కువ చేటు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చేతులు అలవాటుపడతాయి, ఊగుతుంటే కాంబో టైమింగే కుదరదు. రెండోది, ఆడే సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తోందేమో చూసుకోవడం. పింగ్ పెరగడానికి డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ నిండిపోవడమే ఎక్కువసార్లు కారణం.

అన్నట్టు, ఈ ఆటకి క్రాస్‌ప్లే లేదు. మీ ఇద్దరివీ స్టీమే కాబట్టి సరిపోయింది. ఒకరిది పీసీ, ఒకరిది పీఎస్ అయితే అసలు కలిసి ఆడలేరు. కొనేముందే చూసుకోవాల్సిన విషయమిది.

ప్రశ్న: మా హాస్టల్‌లో రోజూ ఇదే గొడవ. రివర్సల్ ఎడ్జ్ కొత్తవాళ్ల కోసం పెట్టిన మంచి ఏర్పాటని కొందరు, సిరీస్‌ను పాడుచేసిందని కొందరు. ఎవరిది నిజం? పైగా నన్ను అందరూ దానితోనే కొడుతున్నారు.

ముందు దెబ్బలు తినడం ఆపుదాం. ఈ ఆటలో ఎ అంటే అడ్డ దెబ్బ, బి నిలువు దెబ్బ, కె తన్ను, జి గార్డ్. రివర్సల్ ఎడ్జ్ బి, జి కలిపి నొక్కితే వస్తుంది. వచ్చే దెబ్బల్ని తట్టుకుని, ఆపైన నిలువుగా కొడుతుంది. అది నిలువు దెబ్బ అన్నదే కీలకం. పక్కకి ఒక అడుగు వేస్తే తప్పిపోతుంది, అవతలివాడి వీపో పక్కో మీ ముందు ఉంటుంది. కంగారుపడి ఇంకా ఇంకా కొడుతుంటే అతను అన్నీ తట్టుకుని గెలుస్తాడు. పక్కకి తప్పుకునే ధైర్యం లేకపోతే బ్రేక్ అటాక్ వేయండి. మూవ్ లిస్ట్‌లో దాని పక్కన ప్రత్యేక గుర్తు ఉంటుంది. రివర్సల్ ఎడ్జ్‌నే కాదు, గార్డ్ ఇంపాక్ట్‌ను (వచ్చే దెబ్బను పక్కకి నెట్టేసే ఎత్తును) కూడా అది ఛేదిస్తుంది. మీ ఫైటర్‌కి ఉన్న వాటిలో వేగంగా వచ్చేదాన్ని ఒక్కటి నేర్చుకున్నా చాలు.

ఒకవేళ ఆ దెబ్బ తగిలి, ఇద్దరూ ఎదురెదురుగా నిలిచే స్లో మోషన్ ఘట్టంలోకి వెళ్లిపోతే లెక్క ఇది: నిలువు దెబ్బ అడ్డ దెబ్బను, అడ్డ దెబ్బ తన్నును, తన్ను నిలువు దెబ్బను ఓడిస్తాయి. గార్డ్ పెట్టొచ్చు, పక్కకి తప్పుకోవచ్చు కూడా. కొత్తవాళ్లు మొదటిసారి దాదాపుగా బి నొక్కుతారు, చేయి అక్కడే ఉంటుంది కాబట్టి. మీరు కె నొక్కి చూడండి. ట్రైనింగ్ మోడ్‌లో ప్రత్యర్థి చేత రివర్సల్ ఎడ్జ్ రికార్డ్ చేయించి, ఎడమకీ కుడికీ తప్పుకోవడం సాధన చేయండి. చేయికి అలవాటైతే హాస్టల్‌లో ఆ బటన్ నొక్కేవాళ్లు తగ్గిపోతారు.

ఇక ఎవరిది నిజమంటే, ఉద్దేశం విషయంలో మొదటి జట్టుది, అమలు విషయంలో రెండోదానిది. ఈ సిరీస్ ప్రాణం 1998 నాటి సోల్‌కాలిబర్‌లో వచ్చిన ఎనిమిది దిక్కుల కదలిక. అడ్డ దెబ్బ పక్కకి తప్పుకునేవాడిని పట్టుకుంటుంది, నిలువు దెబ్బను తప్పించుకోవచ్చు కానీ అది బలంగా తగులుతుంది. ఎవరు ఎటు అడుగు వేస్తారన్న ఊహ మీదే ఆట నడుస్తుంది. రివర్సల్ ఎడ్జ్ కూడా ఆ ఊహనే అడుగుతుంది. కాకపోతే కెమెరా మార్చి, ఆటను ఆపి, ప్రతిసారీ అదే దృశ్యం చూపించి అడుగుతుంది. పదోసారికి విసుగు పుట్టక తప్పదు. దీనికి ఇంకో కోణం ఉంది. లాగ్ ఉన్న ఆన్‌లైన్ పోరులో కాస్త న్యాయంగా సాగేది ఆ స్లో మోషన్ ఘట్టమే, ఆలోచించి నొక్కడానికి ఇద్దరికీ టైమ్ ఉంటుంది కాబట్టి. నెట్ బాగుంటే దాని అవసరం సగానికి తగ్గేదని నా అభిప్రాయం. వచ్చే భాగంలో దెబ్బ తట్టుకునే గుణాన్ని ఉంచి దృశ్యాన్ని తీసేస్తే మీ హాస్టల్‌లో రెండు జట్లూ ఒప్పుకుంటాయి. ఐదో భాగంలో గార్డ్ ఇంపాక్ట్ వేయాలంటే గేజ్ (పోరులో నిండే శక్తి పట్టీ) ఖర్చయ్యేది. అభిమానులు గోల చేశారు, ఆరో భాగంలో ఆ ఖర్చు తీసేశారు. వినిపించుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ప్రశ్న: కీబోర్డ్‌తో ఆడుతున్నాను. క్రిటికల్ ఎడ్జ్ (గేజ్ ఖర్చుతో వేసే పెద్ద దెబ్బ) ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. గేజ్ నిండే ఉంటుంది. కీబోర్డ్ పాడైందా?

పాడవలేదు, దాని నిర్మాణమే అంత. తక్కువ ధర మెంబ్రేన్ కీబోర్డుల్లో కొన్ని కీలను ఒకేసారి నొక్కితే మూడోది నమోదు కాదు. క్రిటికల్ ఎడ్జ్‌కి ఎ, బి, కె మూడూ కలిపి నొక్కాలి. అదే సమయంలో బాణం కీ మీద వేలుంటే నాలుగు. నోట్‌ప్యాడ్ తెరిచి, ఆటలో మీరు వాడే మూడు అక్షరాలనూ ఒకేసారి నొక్కి పట్టుకోండి. రెండే పడితే కారణం దొరికినట్టే. బాణం కీ పట్టుకుని కూడా ఇదే చూడండి.

కొత్త కీబోర్డ్ కొననక్కర్లేదు. బటన్ సెట్టింగ్స్‌లో మూడూ కలిపిన కమాండ్‌ను ఒకే కీకి పెట్టుకోండి. రివర్సల్ ఎడ్జ్‌కి, త్రోకి కూడా ఒక్కో కీ ఇవ్వండి. తర్వాత ప్యాడ్ కొంటే ఒకటి గుర్తుంచుకోండి: ఆటలో చెప్పే ఎ, బి వేరు, ఎక్స్‌బాక్స్ ప్యాడ్ మీద రాసి ఉన్న ఎ, బి వేరు. మామూలు అమరికలో ప్యాడ్ మీది ఎక్స్ నొక్కితే అడ్డ దెబ్బ, వై నొక్కితే నిలువు, బి నొక్కితే తన్ను, ఎ నొక్కితే గార్డ్. గైడ్ చదువుతూ ఆడేవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో ఆట నత్తనడక నడుస్తోంది. బొమ్మ ఆగి ఆగి రావడం కాదు, నిజంగానే నెమ్మదిగా. ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు.

ఈ ఆటలో పోరు వేగం ఫ్రేములతో ముడిపడి ఉంటుంది. 60 అందకపోతే ఫ్రేములు ఎగిరిపోవు, మొత్తం పోరే నెమ్మదిస్తుంది. ఆన్‌లైన్‌లో అవతలివాళ్లకి కూడా నెమ్మదిస్తుంది, తిట్లు మీకు. కనీసం జీటీఎక్స్ 1050 స్థాయి కార్డ్ ఉంటే నిశ్చింత. లేనప్పుడు రిజల్యూషన్ 1280 బై 720కి తగ్గించి, నీడలు, ఎఫెక్టులు అన్నిటికంటే తక్కువలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉండి, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అదే రకం ఇంకో 8 జీబీ వేయించండి. విడి కార్డ్ లేని మెషిన్లలో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్‌లైతే దానికి దారి రెట్టింపు అవుతుంది. ఛార్జర్ పెట్టే ఆడండి. ఇంతా చేసి 60 రాకపోతే ఆన్‌లైన్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: రూమ్ క్రియేట్ చేస్తే ఫ్రెండ్ చేరలేకపోతున్నాడు. పీఎస్4లో నాట్ టైప్ 3 అని చూపిస్తోంది.

నాట్ టైప్ 3 అంటే బయటినుంచి వచ్చే కనెక్షన్లు మీ దాకా రాకుండా ఆగిపోతున్నాయని. ముందు రౌటర్‌లో యూపీఎన్‌పీ (ఆటకి కావాల్సిన దారిని రౌటరే తెరిచే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి. మారకపోతే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ నంబర్ (కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) చూసి, మీ ఐపీ ఏంటో చూపించే ఏదైనా సైట్‌లో వచ్చే నంబర్‌తో పోల్చండి. రెండూ వేరైనా, వ్యాన్ నంబర్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా మీ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతోందని అర్థం. అప్పుడు రౌటర్‌లో మీరే దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు. మీకంటూ విడిగా ఇచ్చే స్టాటిక్ ఐపీ అడగండి, నెలకి కొంత అదనంగా తీసుకుంటారు. ఈలోపు రూమ్‌ను మీ ఫ్రెండ్‌నే పెట్టమనండి. అతనిది టైప్ 2 అయితే చాలాసార్లు కలుస్తుంది.

ప్రశ్న: ఏడో భాగం వస్తుందా? ఆగమంటారా, ఆరోది కొనమంటారా?

యూట్యూబ్‌లో తిరిగే తేదీలేవీ నమ్మకండి. ఆరో భాగం నిర్మాత మోటోహిరో ఓకుబో 2018లోనే ఇది ఆఖరిది కావచ్చన్న మాట బయటపెట్టారు. తర్వాత విడిగా అమ్మిన (డీఎల్‌సీ) ఫైటర్లలో చివరివాడు హ్వాంగ్ 2020 డిసెంబర్‌లో వచ్చాడు. ఐదోది 2012లో, ఆరోది 2018లో. ఈ సిరీస్‌కి ఎదురుచూపు కొత్త కాదు.

ఆట వచ్చాక నెట్‌కోడ్‌ను (ఆన్‌లైన్ పోరు నడిపే పద్ధతిని) డిలే నుంచి రోల్‌బ్యాక్‌కి మార్చడం చేతకాని పనని కొందరంటారు. అది సరికాదు. సోల్‌కాలిబర్ 6 లాగే అన్‌రియల్ ఇంజిన్ 4 (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద చేసిన మరో కత్తుల ఆట సమురాయ్ షోడౌన్ 2019లో వచ్చింది, రోల్‌బ్యాక్ 2023లో చేరింది. సోల్‌కాలిబర్‌లో పని ఇంకా ఎక్కువ. విరిగే కవచాలు, మనమే తయారుచేసుకున్న ఫైటర్లు, 3డీ కదలిక, రింగ్ అంచు, ఇవన్నీ ఏ ఫ్రేములో ఎలా ఉన్నాయో దాచుకోవాలి. ఊహ తప్పినప్పుడు ఏడెనిమిది ఫ్రేముల లెక్కను ఆ 16.67 మిల్లీసెకన్లలోనే మళ్లీ వేయాలి. మొదటి రోజు నుంచి ఆ ఆలోచనతో కడితే ఇబ్బంది ఉండదు. కట్టాక చేర్చాలంటే ఖర్చు, ఆ ఖర్చు పాత ఆట మీద ఎవరూ పెట్టరు. అందుకే ఆరోదానికి రోల్‌బ్యాక్ వస్తుందని ఆశపడి కొనొద్దు. ఏడోది వచ్చి అందులో రోల్‌బ్యాక్ లేదంటే మొదటి రోజు కొనకండి.

ఇంట్లో పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్లయితే ఆరోది నిస్సంకోచంగా కొనండి. స్టీమ్ సేల్‌లో బేస్ గేమ్ ఒక్కటే చాలు, 20 మంది ఫైటర్లు దొరుకుతారు. మిత్సురుగి, సోఫిటియాలతో మొదలుపెట్టండి. ఐవీ, వోల్డోల జోలికి వెంటనే వెళ్లకండి. టీరా, 2బీ, ఏమీ, కసాండ్రా మొదటి సీజన్ పాస్‌లో. హిల్డే, హవోమారు, సెట్సుకా, హ్వాంగ్ రెండోదాంట్లో. పెద్ద ఎడిషన్లలో మొదటి పాస్ కలిసే ఉండొచ్చు. అది చూడకుండా టీరాను విడిగా కొని రెండుసార్లు డబ్బు కట్టినవాళ్లున్నారు. 2బీ, హవోమారు వేరే ఆటల నుంచి వచ్చిన అతిథులు, వాళ్లు లైసెన్స్ మీద ఉంటారు. కావాలనుకుంటే స్టోర్‌లో ఉన్నప్పుడే తీసుకోండి. రెండో భాగం హెచ్‌డీలో 2013లో వచ్చినప్పుడు పాత అతిథుల్లో హెయిహాచి, స్పాన్ ఉన్నారు, నింటెండో జెల్డా ఆటల హీరో లింక్ లేడు.

ప్రశ్న: లింక్ ఉన్న సోల్‌కాలిబర్ 2ను ఇప్పుడు సక్రమంగా ఆడే దారి ఉందా?

ఉంది. నింటెండో స్విచ్ 2లో గేమ్‌క్యూబ్ ఆటల జాబితాలో 2025 జూన్ నుంచి అది ఉంది. స్విచ్ ఆన్‌లైన్ చందాలో ఎక్స్‌పాన్షన్ ప్యాక్ ఉన్నది తీసుకోవాలి. మామూలు చందాకి రాదు, పాత స్విచ్‌లో అసలు రాదు. దిగుమతి షాపులో కన్సోల్ కొంటుంటే వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి.