కుప్ప లెక్క తేలాకే నిప్పు

అమలాపురం

అమ్మాయీ,

నీ కథ అందింది. వాక్యం నీకు లొంగింది, ఆ విషయంలో నేను చెప్పాల్సిందేమీ లేదు. వరికుప్ప తగలబడే దృశ్యాన్ని ఒకటిన్నర పేజీ రాశావు. బాగానే రాశావు. నా పేచీ అంతా ఆ ఒకటిన్నర పేజీతోనే. కామందు కుప్ప కాలింది, పాలేరు చీకట్లో నిలబడి నవ్వాడు, ఉరికంబం గుర్తొచ్చినా భయపడలేదు, కథ అయిపోయింది. ఆ మంటలో ఎవరికి ఎంత పోయిందో మాత్రం ఎక్కడా తెలియలేదు.

నన్నడిగితే ఇలాంటి కథ రాసేవాళ్లు ముందు కుప్ప లెక్క చూసుకోవాలి. నూర్చని కుప్పలో ఉన్నదంతా కామందుది కాదు. కోత కోసినవాళ్ల కూలి అందులోనే ఉంది. పాలేరుకి రావాల్సిన గింజలున్నాయి. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి ఏడాది పొడుగునా చేసిన పనికి కళ్లంలో కొలిచే మేర ఉంది. తలారి, వెట్టివాడి గింజలున్నాయి. కౌలు పొలమైతే కౌలుదారు బతుకంతా అందులోనే. చివరికి కళ్లం ఊడ్చుకుని చెరుక్కునే ముసలమ్మ చేటెడు గింజలు కూడా ఆ కుప్పలోవే. నూర్చి, తూర్పారబట్టి, కొలిచి, ఎవరిది వాళ్లకి ఇచ్చాక మిగిలింది కదా బళ్లకెక్కి కామందు కొట్టులోకి వెళ్లేది! నూర్పుకి ముందు నిప్పు పెట్టినవాడు తన కూలికీ, తన పెద్దమ్మ కూలికీ కూడా నిప్పు పెట్టుకున్నాడు. ఆ సంగతి వాడికి తెలీదనుకోకు. మనిద్దరికన్నా బాగా తెలుసు.

తెలిసీ పెట్టాడంటే వాడి మనసులో ఒక రకం లెక్క నడిచింది. వాటాలన్నీ పంచేదాకా ఆగి, అప్పుడు గడ్డిమేటుకి పెట్టాడంటే అది ఇంకో రకం లెక్క. మేటు కాలితే గింజ పోదు. కానీ మన గోదావరి డెల్టాలో నేలంతా వరే, పశువుకి ఎండుగడ్డే దిక్కు. మేటు పోయిన రైతు గడ్డి కొనుక్కోవాలి, లేదా ఎడ్లు అమ్ముకోవాలి. ఆ ఎడ్లని ఇన్నాళ్లూ కడిగి, మేపి, పేరు పెట్టి పిలిచింది ఎవరు? ఆ పాలేరే. వాడి కోపం ఆ ఎడ్ల దగ్గర కొంచెమైనా తడబడిందా? నీ కథలో ఒక పేజీలో వరికుప్ప కాలింది, ఇంకో పేజీలో గడ్డిమేటు కాలింది. ముందు ఏది కాలిందో తేల్చుకో. దాన్నిబట్టి నీ మనిషి పూర్తిగా మారిపోతాడు.

నెల కూడా సరిచూసుకో. చైత్రమాసం అని రాశావు. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యి, పనలు ఆరి, కుప్పలు పడేది కార్తీకం, మార్గశిరం. సంక్రాంతికి అటూ ఇటూ నూర్పిళ్లు. చైత్రానికి కళ్లాలు ఖాళీ. చైత్ర వైశాఖాల్లో కాలేవి తాటాకు ఇళ్లు, ఒకటంటుకుంటే కూలీలుండే పేటంతా పోతుంది. పైగా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక (1847లో మొదలై 1852లో పూర్తయింది) వచ్చిన కాలవల్ని ఎండాకాలంలో మరమ్మతులకని కట్టేసేవారు. అంటే నీ కథలో జనం కాలవలో కడవలు ముంచి తెచ్చిన నీళ్లు చైత్రంలో అక్కడ ఉండవు. మార్గశిరానికి జరుపు. కాలవలో నీళ్లుంటాయి, పడవలుంటాయి, మంచు ఉంటుంది.

నీళ్లున్నా కుప్ప ఆరదనుకో. బిగించి వేసిన కుప్ప నువ్వు రాసినట్టు గంటలో బూడిదైపోదు. పైన మండుతుంది, లోపల రోజుల తరబడి రగులుతుంది. పైపొరలో గింజలు పేలాలై చిటపటమంటాయి. తెలివైనవాళ్లెవరూ కాలే కుప్ప జోలికి వెళ్లరు, పక్క కుప్పల మీద తడిగోనెలు కప్పడానికి పరిగెడతారు. అప్పుడు ఎవరి కుప్ప మీద ముందు గోనె పడింది, ఎవరి కుప్పని అందరూ మర్చిపోయారు అన్నది చూడు, ఊరు మొత్తం అర్థమవుతుంది. తరవాత మంట చల్లారి కుప్ప విప్పితే నడిమధ్యలో పొగచూరిన వడ్లు బయటపడతాయి. తినడానికి పనికొస్తాయి, అమ్మితే ధర రాదు. ఆ వడ్లు ఎవరికి కొలిచారు? నా మట్టుకు నాకు కథ అక్కడుంది. కూలి కింద మాడు వడ్లు కొలుస్తుంటే కాదనలేక కొంగు పట్టిన మనిషి ఒకరు. ఆ అన్నం ఉడుకుతున్నప్పుడు పాకలో వచ్చే పొగవాసన. ఆ వాసనకి తల పక్కకి తిప్పుకున్న కొడుకు ఒకడు. నీ ఒకటిన్నర పేజీ దీనికి ఇవ్వు. మంటకి నాలుగు లైన్లు చాలు.

కథ 1931లో జరిగిందన్నావు. మంచి ఏడాది పట్టుకున్నావు గానీ, దాన్ని వాడుకోలేదు. అప్పటికి ధాన్యం ధర కూలిపోయింది, అప్పులు మాత్రం రూపాయల్లోనే నిలబడ్డాయి. శిస్తు పెంచుతున్నారని డెల్టా రైతులు సభలు పెడుతున్నారు. అంతకుముందు ఏడాది, 1930 మే నెలలో, రంగం (బర్మాలోని రంగూన్) రేవులో పనిచేసే తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మావాళ్లని పనిలోకి తీసుకోవడం, సమ్మె ముగిశాక ఆ బర్మావాళ్లని పంపెయ్యడం, దాంతో పెద్ద అల్లర్లు, చావులు. ఎంతోమంది ఓడలెక్కి మన తీరానికి తిరిగొచ్చేశారు. అంటే నీ కథ జరిగేనాటికి పేటలో రంగం నుంచి వచ్చిన మనిషి ఒకడైనా ఉండే ఉంటాడు. పనికి పోటీ పెరిగింది, కాబట్టి వాడంటే సాటి కూలీలకే గిట్టదు. కూలీలు ఒక్కసారిగా పని మానేస్తే ఏమవుతుందో కళ్లారా చూసొచ్చినవాడు కాబట్టి కామందుకీ గిట్టదు. కుప్ప కాలిన తెల్లారి అందరి చూపూ ముందు ఎవరి మీద పడుతుందో ఇంకా చెప్పాలా?

అనుమానం సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు. నిప్పు పెట్టినవాడెవడో పాఠకుడికి మొదటి నుంచీ తెలుసు, ఊరికీ తెలిసిపోయింది. అలా జరగదు. అర్ధరాత్రి, మంచు, కళ్లం ఊరికి దూరం. సాక్ష్యం ఉండదు. ఊరి పెద్ద అధికారి, గ్రామ మునసబు, పోలీసులకి రిపోర్టు రాస్తాడు. కుప్ప పోయిన ఆసామికి ఎవరంటే పడదో అందులో రాస్తాడు. మునసబు సాధారణంగా ఆ ఆసామి వర్గంవాడే, ఒక్కోసారి చుట్టమే. కేసుకి ఉన్న బలమల్లా కళ్లంలో కొలత దగ్గర పడిన గొడవ, కోపంలో అన్న ఒక మాట. 'నీ సంగతి చూస్తా' అని మన ఊళ్లలో రోజుకి ఎంతమంది అనరు! పోలీసులు ముందు పేటలోకి వెళ్తారు. దగ్గర్లో ఊరూరా తిరిగే ఎరుకలవాళ్లు దిగి ఉంటే వాళ్ల దగ్గరకి వెళ్తారు. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద వాళ్ల పేర్లు నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేయించుకునే రోజులవి. పెద్దింటి అరుగు మీదకి పోలీసు వెళ్తే మాత్రం మజ్జిగ తాగడానికే.

కానీ అరుగు మీదే దొంగ ఉండొచ్చు. దాయాదుల తగాదాలు, గట్టు తగువులు, నీటి వంతులు, విధవరాలి వాటా దగ్గర నలిగిన వ్యాజ్యాలు... కుప్పలు కాలడానికి కారణాలు ఇవి కూడా. శిస్తు బకాయికో అప్పుకో పంట జప్తు అవుతుందని తెలిసినవాడు రాత్రికి రాత్రి గింజ దాటించేసి, మిగిలిన గడ్డికి తనే నిప్పంటించి, శత్రువు పేరు చెప్పొచ్చు. అసలు ఎవరూ పెట్టకుండానూ అంటుకోవచ్చు. తడి ఆరకుండా వేసిన గడ్డి లోపల వేడెక్కి తనంతట తనే రాజుకుంటుంది. లంక పొగాకు చుట్ట తాగుతూ కాపలా కాసినవాడు కునుకు తీసినా చాలు. ఇవన్నీ కథలో పెట్టమని కాదు. ఇవన్నీ సాధ్యమేనని నీకు తెలిసుంటే, నీ వాక్యంలో ఆ ధీమా కొంచెం తగ్గుతుంది. తగ్గితేనే బాగుంటుంది.

ఉరికంబం మాట తీసెయ్యి. పంట తగలబెట్టినందుకు ఉరి లేదు. నీ కథనాటికి అమల్లో ఉన్న 1860 నాటి పీనల్ కోడ్‌లో 435వ సెక్షన్ చూడు. నిప్పుతో 100 రూపాయలో ఆపైనో నష్టం చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష, జరిమానా. 1882లో సవరణ తెచ్చి, పంట విషయంలో మాత్రం ఆ హద్దుని 10 రూపాయలకి దించారు. చిన్నరైతు కుప్ప వంద రూపాయలు చెయ్యదు కదా. ఇక 436వ సెక్షన్ కింద ఇల్లుగానీ, గుడిగానీ, సొత్తు దాచే కట్టడంగానీ కాలిస్తే ఆ రోజుల్లో యావజ్జీవ ద్వీపాంతరం దాకా వెయ్యొచ్చు. అంటే అవే వడ్లు కళ్లంలో కాలితే ఏడేళ్లు, కొట్టులోకి చేరాక కాలితే యావజ్జీవం దాకా. నీ పాలేరుకి సెక్షన్లు తెలియవు. ప్లీడరు గుమాస్తాకి తెలుసు. గుమాస్తా పాత్ర ఒకటి పెడితే ఈ సంగతి వాడి నోట రెండు ముక్కల్లో పోతుంది, ఉపన్యాసం అక్కర్లేదు.

ఆ నవ్వు గురించి. వాణ్ణి వీరుడిగా చూపించాలని నీకుంది, నీ వయసులో ఉండాలి కూడా. కానీ మన పైనున్న మన్యంలో 1922 ఆగస్టులో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్లిన అల్లూరి సీతారామరాజు, ఏమేం తీసుకెళ్తున్నాడో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. కుప్పకి నిప్పు పెట్టినవాడు సంతకం పెట్టడు. తెల్లారి అందరితోపాటు తనూ గోనె తడిపి పరిగెత్తాలి. అదే కామందు దగ్గర మళ్లీ కూలికి నిలబడాలి. తన బదులు ఇంకొకణ్ణి చావిట్లో కట్టేసి కొడుతుంటే చూస్తూ ఊరుకోవాలి, లేదా నోరు విప్పాలి. ఇది వీరత్వమా, పిరికితనమా, ఇంకే దారీ లేని మనిషి పనా అని నువ్వు తీర్పు చెప్పొద్దు. వాణ్ణి ఆ చావిడి ముందు నిలబెట్టు చాలు.

ఇక కాస్త ఇబ్బందైన సంగతి. కాలింది మీ ముత్తాతగారి కుప్పేనని ఉత్తరంలో రాశావు. మీ ఇంట్లో చెప్పుకునే కథలో తగలబెట్టినవాడికి పేరుంది, కులం ఉంది, వాడి వంశం తరవాత ఎలా నాశనమైందో కూడా ఉంది. నువ్వు ఆ కథనే తీసుకుని, దొంగని హీరోని చేశావు. అంతే తేడా. మనుషులు వాళ్లే, సాక్ష్యం మీ ఇంటిదే. వాడే పెట్టాడని చెప్పింది ఎవరు? కోర్టు ఏమంది? అసలు కేసు కోర్టు దాకా వెళ్లిందా? రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి, ఆ ఏడాది కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రిక సంచికలు దొరికితే చూడు. నీ కుప్ప గురించి ఏమీ దొరక్కపోవచ్చు. ధాన్యం ధరలు, శిస్తు సభలు, రంగం ఓడల ప్రకటనలు కనిపిస్తే అవి చాలు. కాగితం మీదున్నదంతా మునసబు వైపు నుంచి రాసిందేనని మాత్రం మర్చిపోకు.

రెండో వైపు కావాలంటే పేటలో పెద్దవాళ్ల దగ్గరకి వెళ్లాలి. సంక్రాంతికి వస్తానన్నావుగా, నేనూ వస్తాను. వాళ్ల ఇళ్లలో ఈ కథ ఎలా చెప్పుకుంటారో, అసలు చెప్పుకుంటారో లేదో, అదీ చూద్దాం. ఫలానావారి మునిమనవరాలినని ముందే చెప్పు, దాచకు. ఫోన్లో రికార్డు చెయ్యాలంటే అడిగి చెయ్యి. వద్దంటే వద్దు. వచ్చేలోపు కుప్ప లెక్క ఒక కాగితం మీద వేసి ఉంచు: ఎన్నెకరాలు, పాత కొలతల్లో ఎన్ని పుట్లు, అందులో ఎవరికెన్ని కుంచాలు. కుంచాల లెక్క మీ నాన్నగారికి తెలియకపోతే మీ నాయనమ్మగారిని అడుగు.

మాస్టారు