ఫ్లూటు ఊదిన ర్యాపర్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికన్ ర్యాప్ జోడీ ఔట్‌కాస్ట్ అంటే నాకు ప్రాణం. అందులో ఒకడైన ఆండ్రే 3000 సోలో ఆల్బమ్ ఎప్పుడొస్తుందా అని ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా చూశాను. తీరా ‘న్యూ బ్లూ సన్’ పెట్టుకుంటే గంటన్నర ఫ్లూటు! ఒక్క లైను ర్యాప్ లేదు. రివ్యూలు రాసేవాళ్లేమో ఆకాశానికెత్తేశారు, గ్రామీ నామినేషన్లు కూడా ఇచ్చారు. పేరున్నోడు ఏం చేసినా చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కొంతవరకు చెల్లుతుంది, దాచడమెందుకు. ముక్కూమొహం తెలియని మనిషి 87 నిమిషాల ఫ్లూటు రికార్డు తెస్తే అది అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో 34వ స్థానంలో అడుగుపెట్టడం కల్లో మాట. కానీ మోసం చేశాడంటే మాత్రం ఒప్పుకోను. 2023 నవంబరు 17న ఆల్బమ్ వచ్చేసరికే ఇందులో ర్యాప్ ఉండదని ముందే హెచ్చరించారు, పైగా మొదటి ట్రాక్ పేరే ‘ఒట్టు, నిజంగా ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నా, గాలి ఈసారి ఇటు తోసింది’ అని అర్థమొచ్చే చాంతాడంత వాక్యం. తమాషా ఏంటంటే 12 నిమిషాల 20 సెకన్ల ఆ ట్రాకే అక్కడి పాటల చార్టు హాట్ 100లో 90వ స్థానానికి ఎక్కి, అప్పటిదాకా ఆ చార్టుకెక్కిన వాటన్నిటిలో పొడవైనదిగా రికార్డు కొట్టింది. తిట్టినవాళ్లు కూడా ఒకసారి ప్లే నొక్కే ఉంటారని నా అనుమానం.

ఫ్యాన్స్ బాధ అర్థం కానిది కాదు. ఔట్‌కాస్ట్ చివరి ఆల్బమ్ 2006లో వచ్చింది. ఆ తర్వాత వేరేవాళ్ల పాటల్లో అప్పుడో చరణం ఇప్పుడో చరణం పాడి ఆకలి పెంచాడే తప్ప తీర్చలేదు. దానికితోడు ఒక ఇంటర్వ్యూలో, 48 ఏళ్లొచ్చాయి, ఇప్పుడు దేనిమీద ర్యాప్ చేయను, కొలొనోస్కోపీ చేయించుకోవాలనా, కళ్లు మసకబారుతున్నాయనా అన్నట్టు మాట్లాడేసరికి చాలామందికి ఇంకా మండింది. నన్నడిగితే అదే బ్రహ్మాండమైన ర్యాప్ వస్తువు! ఆ పాట కోసం నేను డబ్బు పెట్టి టికెట్ కొంటాను.

ఇక విమర్శకుల సంగతి. వాళ్లు మెచ్చుకున్నదాంట్లో సగం తెగింపుకి, సగం సంగీతానికి అనిపిస్తుంది నాకు. రాగం, గమకం, తాళం వెతుక్కునే మన చెవికి అతని ఊదుడు పల్చగానే ఉంటుంది, ఒక స్వరం పట్టుకుని చాలాసేపు అక్కడక్కడే తిరుగుతాడు. ఆల్బమ్‌ని నిలబెట్టింది అతని చుట్టూ ఉన్నవాళ్లు, ముఖ్యంగా కార్లోస్ నీన్యో పెర్కషన్, సూర్య బోటోఫాసినా కీబోర్డు. మూడో ట్రాక్‌లో, అదే, హవాయిలో తను పాంథర్‌గా మారిపోయిన రాత్రి అంటూ పేరు పెట్టాడే, దాంట్లో కింది స్వరాల్లో గుర్రుమనే చోట మాత్రం నిజంగా ఒళ్లు జలదరించింది. 2025 గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్‌కి నామినేట్ అయింది, అవార్డు బియాన్సేకి వెళ్లింది. అది సరైన తీర్పేనని నా లెక్క. ఎలాగూ అదే అవార్డు 2004లో ఔట్‌కాస్ట్‌తో కలిసి అందుకున్నవాడే. 1995లో న్యూయార్క్‌లో సోర్స్ హిప్‌హాప్ అవార్డుల స్టేజీ మీద జనం గోల చేస్తుంటే, అమెరికా సౌత్‌వాళ్లం మాకూ చెప్పాల్సింది ఉందని మైకులో అనేసి దిగినవాడికి మీ కోపం కొత్తేం కాదు లెండి.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌కి పుట్టపర్తితో సంబంధం ఉందంటున్నారు. నిజమేనా, ఎవరో అల్లిన కథా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉంది, కానీ చుట్టుతిరిగి. పైన చెప్పిన బోటోఫాసినా పెరిగింది కాలిఫోర్నియాలో ఆలిస్ కోల్ట్రేన్ నడిపిన ఆశ్రమంలో. పేరున్న జాజ్ కళాకారిణి ఆవిడ, సత్యసాయిబాబా భక్తురాలు కూడా. ఆశ్రమం పేరు సాయి అనంతం, అక్కడ ఆర్గన్ వాయిస్తూ భజనలు పాడించేవారు. ఆ భజనలు వింటూ పెరిగిన చేతులే ఈ ఆల్బమ్‌లో కీబోర్డు వాయించాయి. అంతేగానీ ఆండ్రే బాబా భక్తుడని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే ఫార్వర్డ్ చేయకండి.